బొద్దు ఫాంటు బోర్డెక్కాక ముద్దయితే

ఐస్‌క్రీం బండి, ప్లేస్కూల్, పుట్టినరోజు ఫ్లెక్సీ, చిత్తూరు మామిడి తాండ్ర ప్యాకెట్టు... బొద్దు గుండ్రటి అక్షరం నప్పే చోట్లు ఇలాంటివి. ఇంగ్లీషులో గుండ్రటి ఫాంటంటే గీతల చివర్లు మొద్దుగా తిరగడమే. తెలుగు లిపి అసలే గుండ్రం. దానికి లావు తోడైతే అక్షరం లోపలి ఖాళీలు పూడిపోతాయి. తంటాలు ఎక్కువగా ఇక్కడే.

స్క్రీన్ మీద బాగుంది, రోడ్డు మీంచి చదవలేం

‘స్పెషల్’ అని కొట్టి చూడండి. ప-కీ ష-కీ తేడా లోపలి చిన్న గీతే. బాలూ తమ్ముడు 2 అనే బొద్దు తెలుగు ఫాంటులో 400 నుంచి 800 దాకా ఐదు బరువులు, అంటే లావులో ఐదు మెట్లు, ఉన్నాయి. అందరి చెయ్యీ 800 మీదికే పోతుంది. దానిపైన తెల్ల అవుట్‌లైన్ ఒకటి! బోర్డులు గీసే కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో అవుట్‌లైన్ సగం బయటికి, సగం అక్షరం లోపలికి పరుచుకుంటుంది. ఆ లోపలి సగమే గీతని తినేస్తుంది. ఎఫ్12 నొక్కి ‘బిహైండ్ ఫిల్’ టిక్ పెట్టండి, బరువు 600కి దించండి. ఎత్తుకి పాత లెక్కే: పది అడుగుల దూరానికి అంగుళం. రేణిగుంట రోడ్డులో 100 అడుగుల నుంచి చదవాలంటే 10 అంగుళాలు, అదీ గుడి, ఒత్తు కలపకుండా. స్క్రీన్‌ని 10 శాతానికి తగ్గించినప్పుడు ష కాస్తా ప లాగా కనిపిస్తే ప్రింటుకి పంపొద్దు.

రేడియం కటింగ్‌లో అక్షరం మధ్యన కోతలు

వేరియబుల్ ఫాంటు (బరువులన్నీ ఒకే ఫైల్లో ఉండేది) వాడుంటారు. అందులో అక్షరం ముక్కలు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటాయి. ప్రింటులో తెలియదు కానీ, రేడియం స్టిక్కర్ కోసే కట్టర్ బ్లేడు ప్రతి అంచు వెంటా పోతుంది. డౌన్‌లోడ్‌లో ‘స్టాటిక్’ ఫోల్డర్ ఉంటే అందులోని ఫైలు వాడండి. లేదంటే ఇలస్ట్రేటర్‌లో ‘క్రియేట్ అవుట్‌లైన్స్’తో అక్షరాల్ని ఆకారాలుగా మార్చి, పాత్‌ఫైండర్‌లో ‘యునైట్’ కొట్టి, కంట్రోల్+వై నొక్కి లోపల గీతలు మిగల్లేదని చూసుకోండి.

ఇంకో ప్రమాదం అక్షరాల చుట్టూ మిగిలిన వేస్టు స్టిక్కర్ పీకేటప్పుడు. ‘భోజనం’లో భ కింది చిన్న గీత విడి ముక్కగా ఉంటే వేస్టుతోపాటు లేచిపోతుంది. హోటల్ అద్దం మీద ‘బోజనం’ మిగులుతుంది. కటింగ్‌కి ముందే ఆ గీతని అక్షరానికి కలిపేయండి.

ఒత్తులు చెదిరిపోయాయి

ఫోటోషాప్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూ తెరిచి ‘వరల్డ్-రెడీ లేఅవుట్’ కనిపిస్తే ఎంచుకోండి. ఒత్తులు కాదు, మొత్తం పిచ్చి గుర్తులే వస్తుంటే అది యూనికోడ్ కాని పాతకాలపు అను ఫాంట్లలో కొట్టిన మేటరు. కన్వర్టర్‌తో యూనికోడ్‌కి మార్చాల్సిందే.

ఫాంటు మార్చినా అక్షరం మారలేదు

ఫ్రెడోకా, నునీటో, క్విక్‌శాండ్ లాంటి గుండ్రటి ఇంగ్లీషు ఫాంట్లలో తెలుగు లేదు. విండోస్ తనకు తానే తన దగ్గరున్న నిర్మలా యూఐ ఫాంటు తెచ్చి పెడుతుంది.

పై వరస కింది వరసకి తగులుతోంది

పైన ‘చిత్తూరు’, కింద ‘మామిడి’ రాస్తే త-ఒత్తు వెళ్లి గుడికి గుద్దుకుంటుంది. 100 పాయింట్ల అక్షరానికి వరసల దూరం 150 పెట్టి, అక్కణ్ణుంచి కంటితో తగ్గించుకోండి.

మూడు భాషల బోర్డు అతుకులబొంతలా ఉంది

తిరుపతిలో తెలుగు పక్కన తమిళం, కన్నడం తప్పవు. ఒక్కో భాషకి ఒక్కో ఫాంటు వెతక్కండి. తెలుగుకి బాలూ తమ్ముడు, తమిళానికి బాలూ తంబి, కన్నడానికి బాలూ తమ్మ ఉన్నాయి. ముగ్గురూ ఏక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ గీసిన ఒకే కుటుంబం, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. మూడింటికీ ఒకే బరువు పెట్టండి.

శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి, ఆసుపత్రి దారి బోర్డుకి, ధరల పట్టికకి మాత్రం ఈ కుటుంబాన్ని పిలవకండి. అక్కడ మండలి అనే మామూలు తెలుగు ఫాంటు చాలు.