మొదటిసారి కేదార్‌కంఠ ట్రెక్‌కి ఎలా సిద్ధం కావాలి?

తెలుగు రాష్ట్రాల నుంచి మొదటిసారి హిమాలయాల మంచులో నడవాలనుకునేవాళ్లు తరచూ ఎంచుకునే కొండ కేదార్‌కంఠ. ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో ఉంది. శిఖరం ఎత్తు సుమారు 3,800 మీటర్లు, అంటే 12,500 అడుగులు. తాడు కట్టుకుని ఎక్కే పని లేదు, నడిచే వెళ్లొచ్చు. అందుకే ‘సులువు’ అని పేరు పడిపోయింది. ఆ మాట నమ్మి జీన్స్ ప్యాంటు, కాలేజీ బ్యాగుతో బయల్దేరితే రెండో రాత్రికే తెలిసొస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో పై క్యాంపు దగ్గర రాత్రి చలి మైనస్ 10 డిగ్రీల దాకా వెళ్లడం మామూలే.

సామాను జాబితా చూస్తే ఎవరికైనా బెంబేలు పుడుతుంది. అన్నీ కొనక్కర్లేదు. డబ్బు పెట్టాల్సిన వరస ఇది: ముందు పాదాలు, తర్వాత నిద్ర, ఆ తర్వాత ఒళ్లు తడవకుండా ఉండటం. ఫొటోల్లో మెరిసే జాకెట్ అన్నిటికన్నా చివర.

1. తేదీలు, దారి ఖరారు చేసుకోండి

మంచు కోసమే వెళ్లేవాళ్లకి డిసెంబరు చివరి నుంచి మార్చి దాకా అనువైన కాలం. క్రిస్మస్, కొత్త సంవత్సరం వారంలో దారంతా జాతరలా ఉంటుంది, వీలైతే ఆ వారం మానుకోండి. మొదటిసారి వెళ్లేవాళ్లకి మార్చి మొదటి వారాలే మా సలహా. మంచు ఉంటుంది, పగలు పెరుగుతుంది, చలి కాస్త తగ్గుతుంది.

నడక మొదలయ్యేది సాంక్రి అనే ఊరి నుంచి. డెహ్రాడూన్ నుంచి ముస్సోరీ, పురోలా, మోరీ, నైట్వాడ్ మీదుగా దాదాపు 200 కిలోమీటర్లు. దూరం చూసి నాలుగైదు గంటలనుకోకండి. ఘాట్ రోడ్డు కాబట్టి 8 నుంచి 10 గంటలు పడుతుంది. పొద్దున్న 7 లోపు డెహ్రాడూన్ దాటాలి. చీకటి పడ్డాక ఆ రోడ్డు మీద ప్రయాణం పెట్టుకోవద్దు. దారిలో వాంతులు అయ్యేవాళ్లు బయల్దేరే అరగంట ముందే మాత్ర వేసుకోవాలి, కడుపు తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు. కావాల్సిన నగదు డెహ్రాడూన్‌లోనే తీసుకోండి. పైకి వెళ్లేకొద్దీ ఏటీఎం దొరికినా అందులో డబ్బు ఉంటుందన్న భరోసా లేదు. ఈ కొండ అభయారణ్యం పరిధిలో ఉంది కాబట్టి అటవీశాఖ అనుమతి తప్పనిసరి. ఆధార్ జిరాక్స్‌లు రెండు, డాక్టర్ ఇచ్చిన ఫిట్‌నెస్ పత్రం దగ్గర పెట్టుకోండి.

ఇంకో చిక్కు ఢిల్లీలో ఉంది. డిసెంబరు, జనవరిలో పొగమంచు వల్ల అక్కడ రైళ్లు, విమానాలు గంటలకొద్దీ ఆలస్యమవుతాయి. సికింద్రాబాద్ నుంచి రైల్లో దిగి అదే సాయంత్రం డెహ్రాడూన్ బండి అందుకుందామనుకుంటే అది తప్పిపోవచ్చు, దాంతో మొత్తం ట్రెక్కే పోవచ్చు. వెళ్లేటప్పుడు ఒక రోజు, వచ్చేటప్పుడు ఒక రోజు ఖాళీగా వదలండి.

2. ఎత్తుల లెక్క వేయండి

ఇది చాలామంది వదిలేసే అడుగు. సాంక్రి సుమారు 1,950 మీటర్లు. మొదటి క్యాంపు జూడా కా తాలాబ్ సుమారు 2,770. రెండోది, శిఖరం కింది బేస్ క్యాంపు, సుమారు 3,430. కొండల వైద్యంలో ఒక సూత్రం ఉంది: 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ముందు రాత్రి కన్నా 500 మీటర్లకి మించి పెరగకూడదు. మామూలుగా అందరూ వెళ్లే షెడ్యూలులో రెండో క్యాంపు దగ్గర పెరుగుదల 660 మీటర్లు. ఎక్కువమందికి తలనొప్పితో సరిపోతుంది, కొందరికి సరిపోదు. అందుకే సాంక్రిలోనో జూడా కా తాలాబ్ దగ్గరో ఒక రాత్రి అదనంగా ఉండే ఏర్పాటు చేసుకోండి. ఖర్చు కొంచెం పెరుగుతుంది, శిఖరం అందే అవకాశం అంతకన్నా పెరుగుతుంది.

మన దగ్గర ఎంత పరుగెత్తినా ఈ ఎత్తు అలవాటు కాదు. ఎత్తు ఇబ్బందులు సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతాయి, తూర్పు కనుమల్లోని మన ఎత్తైన కొండలు కూడా 1,700 మీటర్ల లోపే. రోజూ జిమ్‌కి వెళ్లే కుర్రాడికి తలతిరిగి, పక్కనున్న యాభై ఏళ్ల మనిషి హాయిగా ఉండటం వింతేమీ కాదు.

తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం మొదటి గుర్తులు. ఇవి ఉన్నప్పుడు ఇంకా పైకి ఎక్కొద్దు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, దగ్గులో నురగ పడినా, మాట తడబడినా, గీత మీద నడవమంటే తూలినా క్షణం ఆలోచించకుండా కిందికి దించాలి, అర్ధరాత్రయినా సరే. ఎత్తు ఇబ్బందులు రాకుండా వేసుకునే ఎసిటజోలమైడ్ మాత్ర వాడాలా వద్దా అన్నది ఊళ్లో ఉండగానే డాక్టర్‌ని అడగండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట తప్పకుండా చెప్పాలి.

3. రెండు నెలల ముందు నుంచి ఒంటిని సిద్ధం చేయండి

వారానికి నాలుగు రోజులు పరుగు లేదా వేగంగా నడక. బయల్దేరే నాటికి 5 కిలోమీటర్లు 35 నుంచి 40 నిమిషాల్లో ఆగకుండా పూర్తి చేయగలగాలి. మరో రెండు రోజులు మెట్లు. అపార్ట్‌మెంట్ మెట్లే చాలు. బ్యాగులో రెండు లీటర్ల నీళ్ల సీసాలు మూడు నాలుగు పెట్టుకుని ఎక్కండి, లీటరుకి కిలో చొప్పున బరువు లెక్క సులువు. మొదటి వారాల్లో మోకాళ్లకి భారమనిపిస్తే, పైకెక్కాక ఆ నీళ్లు మొక్కలకి పోసేసి ఖాళీ సీసాలతో దిగండి. తర్వాత తర్వాత బరువుతోనే దిగాలి. ట్రెక్‌లో తొడలు పట్టేసేది దిగుడులోనే.

తిరుపతి దగ్గర్లో ఉన్నవాళ్లకి అలిపిరి దారిలోని 3,550 మెట్లకి మించిన సాధన లేదు. అయితే అక్కడ చెప్పులు లేకుండా ఎక్కడం ఆనవాయితీ కాబట్టి అది ఊపిరికి మాత్రమే సాధన, బూట్లకి వేరే చోటు చూసుకోవాలి. హైదరాబాద్ వాళ్లకి భువనగిరి గుట్ట ఉంది. 2014లో 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ రాతి మీద సాధన మొదలుపెట్టింది ఆ గుట్టమీదే.

4. బూట్లు కొనండి, అరువు తెచ్చుకోవద్దు

జాకెట్ అద్దెకి దొరుకుతుంది, స్టిక్కు దొరుకుతుంది. ఇంకొకరి పాదానికి అరిగిన బూటు మాత్రం మీ పాదానికి సరిపడదు. చీలమండ కప్పేంత ఎత్తు, నీళ్లు లోపలికి రాని పొర, కింద లోతైన గాట్లు ఉన్న సోలు, ఈ మూడూ చూడండి.

సాయంత్రం పూట దుకాణానికి వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. ట్రెక్‌లో వేసుకోబోయే మందపాటి సాక్సులు తీసుకెళ్లి వాటితోనే తొడిగి చూడండి. లేసు కట్టకముందు పాదాన్ని ముందుకి నెడితే మడమ వెనక ఒక వేలు పట్టాలి. లేసు బిగించి మెట్ల మీద దిగితే బొటనవేలు ముందు గోడకి తగలకూడదు. తగిలితే ఒక సైజు పెంచండి. లేదంటే శిఖరం నుంచి దిగేటప్పుడు అడుగడుగునా ఆ వేలు కొట్టుకుని గోరు నల్లబడి ఊడిపోతుంది. అలాగని మరీ వదులైతే మడమ లేచి పొక్కులు వస్తాయి.

కొన్న బూట్లతో కనీసం 50 కిలోమీటర్లు నడిచాకే కొండకి తీసుకెళ్లండి. అటక మీద నాలుగైదేళ్లుగా పడున్న పాత బూట్ల విషయంలో ఇంకా జాగ్రత్త. సోలు మధ్యలో ఉండే పాలీయురేథేన్ నురుగు గాలిలోని తేమకి మెల్లగా పొడిపొడి అవుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో ఈ బెడద మరీ ఎక్కువ. పైకి కొత్తగానే కనిపిస్తాయి, కొండ మీద రెండో రోజు సోలు మొత్తంగా ఊడొస్తుంది. బయల్దేరే ముందు అటూ ఇటూ గట్టిగా వంచి చూడండి, పగుళ్లు కనిపిస్తే పక్కన పడేయండి.

5. బట్టలు పొరలుగా వేసుకోండి

నూలు బట్ట మన ఎండకి వరం, మంచులో శత్రువు. చెమట పీల్చుకుని ఆరదు. నడక ఆపగానే ఆ తడి ఒంట్లో వేడిని లాగేస్తుంది. బనియన్‌తో సహా నూలు ఏదీ నడకలో వద్దు. జీన్స్ అసలే వద్దు.

ఒంటికి ఆనుకుని పాలిస్టర్ లేదా ఉన్ని థర్మల్, దానిమీద ఫ్లీస్ (ఉన్నిలా మెత్తగా ఉండే సింథటిక్ బట్ట) జాకెట్, ఆగినప్పుడు వేసుకోవడానికి ఈకల జాకెట్, అన్నిటికీ పైన గాలి, నీరు చొరబడని పల్చటి జాకెట్. నడక మొదలుపెట్టేటప్పుడు కొంచెం చలిగా అనిపించాలి. వెచ్చగా మొదలుపెడితే పది నిమిషాల్లో చెమటతో తడిసిపోతారు. ఈకల జాకెట్‌తో నడవొద్దు, చెమటకి ఈకలు ముద్దకట్టి వెచ్చదనం పోతుంది.

రెండు థర్మల్ జతలు చాలు. ఒకటి నడకకి, ఇంకోటి పడుకోవడానికి మాత్రమే. పడుకునే జతని ఎట్టి పరిస్థితిలోనూ నడకకి వాడొద్దు. సాక్సులు నాలుగు జతలు, గ్లౌజులు లోపలివి, బయటివి, చెవులు కప్పే టోపీ. నల్ల కళ్లద్దాలు యూవీ 400 రకం కావాలి. మంచు మీద ఎండ కింది నుంచి కూడా కొడుతుంది, అద్దాలు లేకుండా సగం రోజు నడిస్తే రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మండుతుంది. సన్‌స్క్రీన్ ముక్కు కింద, గడ్డం కింద కూడా రాయాలి.

మంచు మీద జారకుండా బూట్లకి తొడిగే ఇనుప ముళ్లు (మైక్రోస్పైక్స్), మంచు లోపలికి పోకుండా పిక్కలకి కట్టే గెయిటర్లు, స్టిక్కులు సాంక్రిలో అద్దెకి తీసుకోవచ్చు. స్పైక్స్ తీసుకునేటప్పుడు మీ బూటుకి అక్కడే తొడిగి, రబ్బరు చిరుగుల్లేవని చూసుకోండి.

6. నిద్రకి ఏర్పాటు

టెంటు, స్లీపింగ్ బ్యాగ్ ఇచ్చే నిర్వాహకులతో వెళ్తుంటే బ్యాగ్ ‘కంఫర్ట్’ రేటింగ్ ఎంతో అడగండి. లేబుల్ మీద రెండు అంకెలుంటాయి. ‘కంఫర్ట్’ అంటే ఆ చలిలో హాయిగా నిద్రపట్టేది, ‘లిమిట్’ అంటే ముడుచుకుని ఎలాగోలా తెల్లారబెట్టేది. దుకాణాల్లో పెద్దగా అచ్చేసేది తరచూ రెండోదే. ఈ ట్రెక్‌కి కంఫర్ట్ మైనస్ 10 ఉండాలి.

ఎంత మంచి బ్యాగైనా ఒంటి బరువుకి కింద నలిగిపోతుంది, అక్కడ వెచ్చదనం ఉండదు. చలి ఎక్కువగా లాగేది నేలే. అందుకే మ్యాట్ ముఖ్యం. మంచు మీద దాని ఆర్ వాల్యూ, అంటే నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె, 4 దాటాలి. ఒక నురుగు మ్యాట్ సరిపోదు, రెండు ఒకదానిమీద ఒకటి వేసుకోండి. సీసాలో వేడినీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, సాక్సులో దూర్చి కాళ్ల దగ్గర పెట్టుకుంటే రాత్రి గడుస్తుంది, పొద్దున్నకి గడ్డకట్టని తాగునీళ్లు కూడా ఉంటాయి.

7. బ్యాగు ఎంచుకోవడం, సర్దడం

50 నుంచి 60 లీటర్లు చాలు. లీటర్ల కన్నా వీపు కొలత ముఖ్యం. తల వంచితే మెడ వెనక తేలే ఎముక నుంచి, నడుముకి రెండు పక్కలా తగిలే ఎముకల మట్టం దాకా టేపుతో కొలిపించుకోండి. ఆ కొలతకి సరిపోయే బ్యాగులో బరువు ఎక్కువ భాగం నడుం బెల్టు మీద పడుతుంది, భుజాల మీద కాదు. తగిలించుకునేటప్పుడు ముందు నడుం బెల్టు బిగించి, తర్వాత భుజం పట్టీలు, చివర ఛాతీ పట్టీ బిగించాలి.

స్లీపింగ్ బ్యాగ్ అడుగున, బరువైనవి వీపుకి ఆనించి మధ్యలో, తేలికైన బట్టలు బయటివైపు, వానజాకెట్ పైన. బయటి రెయిన్ కవర్ని నమ్ముకోవద్దు, లోపల పెద్ద పాలిథీన్ సంచి వేసి అందులో సర్దండి. నీళ్లతో కలిపి మొత్తం బరువు మీ బరువులో ఐదో వంతు దాటకూడదు. 60 కిలోల మనిషికి 12 కిలోలు. తూకం వేసి చూడండి, కంటి అంచనా ఎప్పుడూ తక్కువే చెబుతుంది.

పవర్‌బ్యాంకు విమానంలో చేతి సంచిలోనే ఉండాలి, 27,000 ఎంఏహెచ్ మించకూడదు. స్టిక్కులు చెక్‌ఇన్ సామానులో. గ్యాస్ క్యానిస్టర్లు, లైటర్లు ఎందులోనూ కుదరవు. సొంతంగా వండుకునేవాళ్లు గ్యాస్ డెహ్రాడూన్‌లో కొనుక్కోవాలి. ఉత్త బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది కాబట్టి ప్రొపేన్, ఐసోబ్యూటేన్ కలిసిన రకం అడగండి. తినడానికి పల్లీపట్టీలు, ఖర్జూరాలు, పుట్నాలు బాగుంటాయి. పట్టీలని ఇంట్లోనే చిన్న ముక్కలు చేసుకెళ్లండి, ఆ చలిలో రాయిలా బిగుస్తాయి.

8. శిఖరం రోజు

బేస్ క్యాంపు నుంచి తెల్లవారుజామున 3, 4 గంటలకి బయల్దేరతారు. హెడ్‌ల్యాంపు తప్పనిసరి. ఫోను, అదనపు బ్యాటరీలు లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి, చలికి చార్జింగ్ ఇట్టే పడిపోతుంది. సీసా తలకిందులుగా పెట్టండి. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి, మూత వైపు మాత్రం తెరిచే ఉంటుంది. గొట్టంతో తాగే సంచులు ఇక్కడ పనికిరావు. దాహం లేకపోయినా రోజుకి మూడు లీటర్లు తాగాలి.

వెనుదిరిగే సమయం ముందు రాత్రే మాట్లాడుకోండి, ఉదాహరణకి పొద్దున్న 10. ఆ సమయానికి శిఖరం వంద మీటర్ల దూరంలో ఉన్నా దిగిపోవాలి. ఎండెక్కితే మంచు మెత్తబడి కాలు మోకాలి దాకా దిగబడుతుంది, మధ్యాహ్నాలు వాతావరణం కూడా తిరగబడవచ్చు. దిగేటప్పుడు లేసులు మళ్లీ బిగించి, స్టిక్కుల పొడవు పది సెంటీమీటర్లు పెంచుకోండి.

ఇంటికొచ్చాక బూట్లలో కాగితాలు కుక్కి నీడలో ఆరబెట్టండి, ఎండలోనో హీటర్ దగ్గరో పెడితే జిగురు వదులుతుంది. ఈకల జాకెట్‌ని, సొంత స్లీపింగ్ బ్యాగ్‌ని చిన్న సంచిలో కుక్కి అటక మీద పడేయకండి. జాకెట్‌ని దిండు గలీబులో, బ్యాగ్‌ని పాత దుప్పటి మూటలో వదులుగా కట్టి బీరువాలో పెట్టండి.