ఒక ఇంగ్లిషు మాట పుట్టుకను వెతకడం ఎలా? ‘క్లాక్’తో మొదలుపెడదాం

మాటల పుట్టుక గురించి కమ్మని కథలు చాలా ప్రచారంలో ఉంటాయి. కథ ఎంత కమ్మగా ఉంటే అంత అనుమానించడం మంచిది. గోడ గడియారానికి వాడే ‘క్లాక్’ను పట్టుకుని, పద్ధతిగా వెతుకుదాం.

ముందుగా ఇప్పటి అర్థాలన్నీ రాసుకోండి. గడియారం సరే, క్రియగా వాడితే వేగాన్నో సమయాన్నో కొలిచి నమోదు చేయడం. కంప్యూటర్ ప్రాసెసర్ పనులకు లయ ఇచ్చే సంకేతమూ క్లాకే. బ్రిటిష్ వాడుకలో ముఖాన్నీ అలాగే అంటారు.

తరువాత వ్యుత్పత్తి, అంటే మాట పుట్టుక, చెప్పే నిఘంటువు తెరవండి. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీలో ప్రతి అర్థం కిందా పాత రచనల వాక్యాలు కాలక్రమంలో ఉంటాయి. 14వ శతాబ్దంలో ఇంగ్లిషులో కనిపించే ఈ మాట వెనక మధ్యయుగపు లాటిన్ ‘క్లొక్కా’ ఉంది. దాని అర్థం గంట, అంటే మోగే గంట, అరవై నిమిషాల గంట కాదు. అన్నట్టు, వ్యుత్పత్తిలో ఏదైనా రూపం ముందు నక్షత్రం గుర్తు ఉంటే, అది రాతలో దొరికినది కాదు, పండితులు ఊహించి కట్టినది.

ఇప్పుడు ఇరుగుపొరుగు భాషలను చూడండి. అసలు రుచి ఇక్కడే. జర్మన్ ‘గ్లోకె’, ఫ్రెంచ్ ‘క్లోష్’, పాత ఐరిష్ ‘క్లొక్’ అన్నీ గంటలే. డచ్ ‘క్లొక్’ మాత్రం గంట, గడియారం రెండూ. అర్థం ఒకదాని నుంచి ఇంకోదానికి ఎలా జరిగిందో డచ్ ఇప్పటికీ చూపిస్తోంది.

ఆ జరుగుబాటు నమ్మదగినదేనా? మాటను వస్తువు పక్కన పెట్టి చూడండి. ఇంగ్లండ్‌లోని సాల్స్‌బరీ కెథడ్రల్ అనే పెద్ద చర్చిలో 1386 నాటిదిగా చెప్పే ఇనుప గడియారం ఉంది. దానికి అంకెల పలకా లేదు, ముళ్లూ లేవు. చక్రాలు తిరుగుతాయి, గంటకోసారి గంట మోగుతుంది, అంతే. సమయం చూసేది కాదు, వినేది. అలాంటి యంత్రానికి గంట పేరు రావడంలో వింత లేదు.

మూలం దొరికాక తోబుట్టువులనూ వెతకండి. పైన కప్పుకునే వస్త్రం ‘క్లోక్’ కూడా ఈ ఇంటిదే. గంట ఆకారంలో కిందికి విచ్చుకుంటుంది కనుక ఆ పేరు. చేతి గడియారం ‘వాచ్’ది వేరే ఇల్లు, మేలుకుని కాపలా కాయడం దాని పాత అర్థం.

శబ్దం కలిసిందని చుట్టరికం కలపకండి. ‘క్లాక్’లో ‘లాక్’ వినిపించినా, ఇంగ్లిషు, జర్మన్, డచ్‌ల కుటుంబమైన జర్మానిక్‌లో మూయడం, బిగించడం అనే మూలం నుంచి వచ్చిన ఆ ‘లాక్’కు, అంటే తాళానికి, ఈ గంటతో సంబంధం లేదు.