సిరిమాను బొమ్మలు ఇంట్లో పోత పోసే ముందు

దసరా వస్తోంది, ఈసారి కొలువులో పైడితల్లి అమ్మవారి సిరిమాను (ఉత్సవంలో పూజారి కొసన కూర్చుని ఊరేగే పొడుగాటి మాను), దాని ముందు నడిచే పాలధార, బెస్తవారి వల అన్నీ చిన్న లోహపు బొమ్మలుగా పోసి పెడతామని మన విజయనగరంలో నలుగురైదుగురు నన్ను అడిగారు. చెయ్యండి, చాలా బాగుంటాయి. కానీ ఏ లోహమో తేల్చుకోకుండా స్టవ్ వెలిగించకండి. బొమ్మ కన్నూ ముక్కూ తేలడం దగ్గర్నుంచి మీ చెయ్యి కాలకుండా ఉండడం దాకా చాలావరకు దాని మీదే ఉంటుంది.

ఇత్తడి ఆలోచన మానెయ్యండి. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి పనివాళ్ల పనితనం చూస్తే నాకూ ఆశ పుడుతుంది, కానీ ఇత్తడి కరగాలంటే సుమారు 900 డిగ్రీలు కావాలి, ఆ వేడికి అందులోని జింకు పొగై లేస్తుంది, అది పీలిస్తే రాత్రికి మలేరియా వచ్చినట్టు చలీ జ్వరం. వాళ్లకి కొలిమి ఉంది, తరాల అనుభవం ఉంది.

సీసం చవక, 327 డిగ్రీలకే కరుగుతుంది, అచ్చులోకి చక్కగా పారుతుంది. అయినా వద్దు. కొలువు బొమ్మని పిల్లలు ముట్టుకోకుండా ఉండరు, ముట్టుకున్న చెయ్యి నోట్లోకి పోతుంది. ఆకురాయితో రుద్దినప్పుడు రాలే పొడి, కరిగించినప్పుడు పైన కట్టే తెట్టు ఇంకా ప్రమాదం. పిల్లల మెదడు విషయంలో ఇంతవరకు సీసం ఫర్వాలేదు అనే మోతాదే లేదు. పాత బ్యాటరీ పలకలైతే అసలు గుమ్మం దాటనివ్వకండి.

ఇంటి పనికి తగరమే. ఉత్త తగరం 232 డిగ్రీలకు కరుగుతుంది కానీ మరీ మెత్తన, అందుకే నూటికి 92 పాళ్లు తగరం, ఆరేడు పాళ్లు ఆంటిమొనీ, మిగతా రాగి ఉండే సీసం లేని ప్యూటర్ దొరికితే అదే కొనండి. 58 పాళ్లు బిస్మత్, 42 పాళ్లు తగరం కలిపింది ఇంకా సులువు, 138 డిగ్రీలకే కరుగుతుంది, పైగా బిస్మత్ గడ్డకట్టేటప్పుడు కాస్త ఉబ్బుతుంది కాబట్టి నగల గీతలు కూడా బాగా పడతాయి. కానీ పెళుసు. నేను సిరిమాను దానితోనే పోశాను, పూజారి కూర్చునే కొస దగ్గర పుటుక్కున విరిగిపోయింది. ఏనుగు లాంటి బొద్దు బొమ్మలకి అది సరే, సన్నగా పొడుగ్గా ఉండేవాటికి ప్యూటరే.

కొనేటప్పుడు కూడా జాగ్రత్త, ఒక కొట్లో నాకు తగరం అని చెప్పి ఇచ్చిన కడ్డీని తెల్ల కాగితం మీద గీస్తే పెన్సిల్ గీసినట్టు నల్లగా పడింది, అంటే సీసం కలిసింది. అసలు తగరపు కడ్డీని చెవి దగ్గర పెట్టి వంచితే సన్నగా కరకరమంటుంది. గీత పడకపోయినా కొద్దిగా సీసం ఉండొచ్చు, అందుకని ఏది ఎంత కలిపారో రాసిచ్చే చోటే కొనండి.

నాకు అన్నిటికంటే టెన్షన్ తేమతోనే. మన జిల్లాలకి ఇది తుఫాన్ల కాలం, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. గాల్లోనే నీరుంటే ప్లాస్టర్ అచ్చు ఎక్కడ ఆరుతుంది? కిందటేడు మూడు రోజులు చూరు కింద పెట్టి, తెల్లగా పొడిగా కనబడుతోంది కదా అని పోశాను. టప్పుమని తగరం ఎగిరి చుక్కలు చుక్కలుగా కళ్లద్దాల మీద పడింది, అద్దాలు లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి. నీటిబొట్టు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు పెరుగుతుంది, వేడి లోహం కింద దానికి దారి ఉండదు. అచ్చుని చెంపకి ఆనించి చూడండి, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. గంటలకొద్దీ సన్నని సెగ మీద ఆరబెట్టాలి. గరిటె, కలిపే పుల్ల, కరుగుతున్న లోహంలో వేసే రెండో ముక్క కూడా ముందే వేడిచేసి పొడిగా ఉంచుకోండి. వేడికి ఆగే సిలికాన్ అచ్చుకి ఈ బాధ తక్కువ, కానీ అది ఎన్ని డిగ్రీలకి ఆగుతుందో ప్యాకెట్ మీద చూసుకోండి, పోసేముందు టాల్కమ్ పౌడర్ పల్చగా చల్లితే గీతలు బాగా తేలతాయి.

వంటగదిలో వద్దు, వంటగిన్నెలు అసలు వద్దు. గాలి ఆడే, వాన జల్లు పడని పంచలో పెట్టుకోండి. నూలు బట్టలు, మూసిన బూట్లు, కళ్లద్దాలు, తోలు గ్లవ్స్ ఉండాలి, చెప్పులు పనికిరావు. పిల్లలు దగ్గరికి రాకుండా ఒక పెద్దవాళ్లని కాపలా పెట్టండి. చెయ్యి కాలితే కుళాయి కింద 20 నిమిషాలు చల్లటి నీళ్లు పొయ్యండి, అంటుకున్న లోహాన్ని పీకకండి, పేస్టు గానీ పసుపు గానీ రాయకండి, నేరుగా ఆస్పత్రికి వెళ్లండి.