ఎగిరే పక్షి ఫొటోలో మసక: అది ఎక్కడ నుంచి వచ్చిందో గుర్తించి సరిచేసుకోవడం

నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు (పెలికాన్లు) ముక్కున పుల్లలు కరచుకుని తలల మీదుగా గూళ్లకు వెళుతుంటే వంద ఫొటోలు తీయడం కష్టం కాదు. ఇంటికి వచ్చి చూసుకుంటే వాటిలో కన్ను స్పష్టంగా ఉన్నవి నాలుగైదే తేలతాయి. అప్పుడు చాలామంది షట్టర్ స్పీడు, అంటే కెమెరా వెలుగును లోపలికి తీసుకునే క్షణం ఎంత చిన్నదో అది, ఒక్కటే పెంచుతారు. అది అన్నిసార్లూ సరైన మందు కాదు. ముందు ఫొటోను నూరు శాతానికి పెద్దది చేసి, మసక ఏ రూపంలో ఉందో చూడాలి.

సమస్య: కన్ను, ఈకలు ఒకే దిక్కుకు సాగినట్లున్నాయి.
ఇది కదలిక వల్ల వచ్చినదే. సెకనుకు 10 మీటర్ల వేగంతో పోయే పక్షి 1/500 సెకనులో 2 సెంటీమీటర్లు జరుగుతుంది, 1/2000 సెకనులో అర సెంటీమీటరే జరుగుతుంది. గూడబాతు, కొంగ వంటి పెద్ద పక్షులకు 1/1600 సెకను, లకుముకి వంటి చురుకైన చిన్న పిట్టలకు 1/3200 సెకను దగ్గర మొదలుపెట్టి, ఐఎస్ఓను (వెలుగుకు కెమెరా చూపే స్పందనను) ఆటోలో వదిలేయడం మేలు. ఐఎస్ఓ పెరిగితే వచ్చే నాయిస్‌ను (ఇసుక చల్లినట్లుండే చుక్కలను) తరువాత తగ్గించుకోవచ్చు గాని, సాగిపోయిన కంటిని తిరిగి తెచ్చుకోలేము. లెన్సులోని స్టెబిలైజేషన్ (వణుకును సర్దే ఏర్పాటు) మన చేతి వణుకునే ఆపుతుంది, పక్షి కదలికను ఆపదు. పక్షితో పాటు కెమెరా తిప్పేటప్పుడు స్టెబిలైజేషన్‌కు ప్యానింగ్ మోడ్ ఉంటే దానినే పెట్టుకోవాలి.

సమస్య: కన్ను స్పష్టం, రెక్కల చివరలు మసక.
మసక రెక్క ఊగే దిక్కుకే సాగి ఉంటే అది కదలిక. నా మటుకు నాకు అది తప్పుగా తోచదు, రెక్కలో ప్రాణం ఉన్నట్లే అనిపిస్తుంది. దిక్కు లేకుండా మెత్తగా ఉంటే ఫోకస్ లోతు (ముందు నుంచి వెనక్కి స్పష్టంగా కనిపించే మేర) చాలలేదని అర్థం. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సరు ఉన్న) కెమెరాలో 500 మి.మీ. లెన్సుతో, ఎఫ్/5.6 వద్ద, 20 మీటర్ల దూరంలో ఆ లోతు సుమారు అర మీటరే. గూడబాతు రెక్కలు చాచితే రెండు మీటర్లు దాటుతుంది. అపర్చర్‌ను (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/8కు చిన్నది చేయవచ్చు, లేదా రెండు రెక్కలూ మనకు దాదాపు ఒకే దూరంలో ఉండేలా పక్షి తిరిగే క్షణం కోసం ఆగవచ్చు.

సమస్య: పక్షి మసక, వెనుక చెట్ల ఆకులు మాత్రం చక్కగా ఉన్నాయి.
ఫోకస్ పక్షిని వదిలి వెనక్కి జారింది. కంటిన్యువస్ ఆటోఫోకస్ (కదిలే వస్తువుకు ఫోకస్‌ను ఆగకుండా సర్దే పద్ధతి) పెట్టుకుని, పక్షి వచ్చే దూరానికి దగ్గరగా ఉన్న కొమ్మ మీద ముందే ఫోకస్ చేసి ఉంచాలి. పక్షి ఫ్రేములో చిన్నగా ఉన్నప్పటి నుంచే ఫోకస్ బటన్ వదలకుండా వెంట తిప్పాలి. పక్షి కన్నును గుర్తించే సౌకర్యం ఉన్నా, కొమ్మల ముందు ఫోకస్ చూసే భాగాన్ని చిన్న జోన్‌కు పరిమితం చేయడమే నమ్మకం.

సమస్య: ఒకే వరుసలో తీసిన ఫొటోల్లో ఒకటి స్పష్టం, తరువాతది అలలు పోయినట్లు.
ఇది కెమెరా లోపం కాదు, వేడి గాలి. పులికాట్ ఒడ్డున ఎండ ఎక్కిన తరువాత, ఉప్పునేల మీదుగా దూరపు రాజహంసలను తీసేవారికి ఇది బాగా తెలుసు. గాలి మధ్యలో వంకరగా వంచిన వెలుగును ఏ సెట్టింగూ సరిచేయదు. సూర్యోదయానికే వెళ్లడం, దూరం తగ్గేలా పక్షులు వచ్చే చోట ముందుగా కూర్చుని వేచి ఉండటం తప్ప దారి లేదు. ఏసీ వేసిన కారు కిటికీ దించి తీసినా ఇదే జరుగుతుంది. లోపలి చల్లగాలి, బయటి వేడిగాలి కలిసేది లెన్సు ముందే. ఏసీ ఆపి కొంతసేపు అద్దాలు దించి ఉంచాలి.

ఇవేవీ కాకుండా, కదలని గోడమీది అక్షరాలు కూడా ట్రైపాడ్ మీద మసకగానే వస్తుంటే, లెన్సు ముందున్న చవక ఫిల్టరును తీసి మళ్లీ తీయండి. అప్పటికీ మారకపోతే, డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) వాడేవారు ఆటోఫోకస్ ఫైన్ ట్యూన్ (ఫోకస్ ముందుకో వెనక్కో తప్పితే సర్దే సెట్టింగ్) సరిచూసుకుని, ఆ తరువాతే లెన్సును సర్వీసుకు ఇవ్వాలి.