మల్లెలతీర్థం పోతున్నారా? అన్నం పైకొచ్చినంకనే తినండి

దసరా సెలవుల్లో హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయేవాళ్లు దారిలో మల్లెలతీర్థం జలపాతం చూద్దామనుకుంటే ఒక్క మాట. వటువర్లపల్లి దగ్గర మెయిన్ రోడ్డు దిగి, అడవిలోకి సుమారు 8 కిలోమీటర్లు పోవాలి. అక్కడినుంచి లోయలోకి దాదాపు 350 మెట్లు. దిగేటప్పుడు ఏమనిపించదు, నవ్వుకుంటూ దిగుతాం. ఎక్కేటప్పుడే అసలు కథ! మేము కిందనే పులిహోర డబ్బా ఖాళీ చేసి ఎక్కినం, సగం మెట్లకే ఒక్కొక్కరం కూలబడ్డం. అందుకే కడుపు తేలిగ్గా ఉంచుకుని దిగండి, టిఫిన్ డబ్బాలు బండిలోనే పెట్టండి. మంచినీళ్లు మాత్రం మనిషికో సీసా చేతిలో ఉండాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను బలవంతం చేయకండి.

ఎండాకాలం పోతే ధార సన్నగా ఉంటది, అంత దూరం పోయినందుకు మనసు చివుక్కుమంటది. వానలు తగ్గినంక, అక్టోబర్, నవంబర్‌లో పోతే నీళ్లూ ఉంటయి, మెట్లూ మరీ జారవు. అయినా రబ్బరు చెప్పులొద్దు, పట్టున్న బూట్లే వేసుకోండి.

ఇదంతా అమ్రాబాద్ పులుల అడవి. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఈ రోడ్డు మీది మన్ననూర్ అటవీ చెక్‌పోస్టు మూస్తరు, టైము చూసుకుని బయలుదేరండి.