ఇళ్ల మధ్య బడి: ప్లాన్ గీసే ముందు జాగ్రత్తలు

విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా కాలనీ మధ్య స్థలం కొన్నారా? గీత గీయకముందే ఇవి చూడండి.

☐ గేటు. అసలు గొడవంతా ఇక్కడే. ఆటోలు, బళ్లు రోడ్డు మీదే ఆగితే ఎదురింటివాళ్లు మొదటి వారమే తగువుకొస్తారు. గేటును గోడకన్నా 12 మీటర్లు లోపలికి జరిపితే ఒక బస్సు మొత్తం రోడ్డు దిగి నిలబడుతుంది. నడిచొచ్చే పిల్లలకు వేరే చిన్న గేటు పెట్టండి. పేరు రాయడానికి ఆర్చి కట్టాలనే మోజు అందరికీ ఉంటుంది. కడితే కింద 5 మీటర్ల ఎత్తు వదలండి, ఫైరింజన్ దూరాలి.

☐ వాననీరు. మట్టి పోసి మెరక చేస్తే నీళ్లు పక్కింట్లోకి పోతాయి. 1000 చదరపు మీటర్ల కప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 50 వేల లీటర్లు! వీధి కాలువ అంత మోయదు. ఇంకుడు గుంతలకు ముందే చోటు ఉంచండి.

☐ గాలి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుపాన్లు గుర్తున్నాయిగా. రేకుల షెడ్డు వద్దు. తప్పనిసరైతే అంచుల దగ్గర బోల్టులు దగ్గరదగ్గరగా బిగించాలి, రేకు లేచేది అక్కడినుంచే.

☐ పక్కింటి వైపు కిటికీల కింది అంచు గది నేలనుంచి 1.5 మీటర్ల ఎత్తున ఉండాలి, చూపు వాళ్లింట్లోకి పోకుండా.

☐ మరుగుదొడ్లు, సెప్టిక్ ట్యాంకు ఎవరి బావికీ దగ్గర కాకుండా.