పెద్ద బ్యాటరీ వేసే ముందు ఇవి చూసుకోండి

ఫోనో, స్కానరో, వాకీటాకీయో, దానికి ఎక్కువ కెపాసిటీ బ్యాటరీ తెచ్చారు. మూత తీయడానికి తొందరపడకండి.

• ముందు వోల్టేజీ. పాతదాని మీద 3.7 అని ఉంటే కొత్తదాని మీదా దాదాపు అంతే ఉండాలి. ఛార్జింగ్ పరిమితీ (నిండా ఎక్కినప్పటి వోల్టేజీ) కలవాలి. 4.2 వోల్టుల బ్యాటరీని 4.35 దాకా ఎక్కించే పరికరంలో పెడితే వేడెక్కి ఉబ్బే ప్రమాదం ఉంది. ఎంఏహెచ్ (కెపాసిటీ కొలత) ఎక్కువుంటే ఫర్వాలేదు, కొన్నదే అందుకు కదా!

• కెపాసిటీ బాగా పెరిగితే మందమూ పెరగాలి. పాత సైజులోనే రెట్టింపు ఎంఏహెచ్ అని రాసుంటే నేనైతే నమ్మను. నిజంగా మందమైనదైతే లోతైన వెనక మూత కూడా రావాలి. పాత కవరు, ఛార్జింగ్ స్టాండు ఇక పట్టకపోవచ్చు. మూతకున్న రబ్బరు సీలు పోతే నీటి రక్షణా పోయినట్టే. కొన్ని ఫోన్లలో ఎన్‌ఎఫ్‌సీ (ఫోన్ తాకించి డబ్బు కట్టడంలాంటి పనులకు వాడేది) యాంటెన్నా బ్యాటరీకే అతికించి ఉంటుంది, కొత్తదానికి ఉందో లేదో కొనేముందే అడగండి.

• టెర్మినళ్ల (కరెంటు అందే లోహపు కాంటాక్టుల) సంఖ్య, వరుస రెండింటిలో ఒకేలా ఉండాలి.

• డేటా సేవ్ చేసి, స్విచాఫ్ చేసి, ఛార్జర్ పీకేయండి.

• మొదటి ఛార్జింగ్ మీరు మెలకువగా ఉన్నప్పుడే పెట్టండి. 1500 ఎంఏహెచ్ స్థానంలో 3000 వేస్తే అదే ఛార్జర్‌తో సుమారు రెట్టింపు సమయం పడుతుంది. దానికి టెన్షన్ అక్కర్లేదు. శాతం కూడా కొన్నాళ్లు తప్పు చూపించొచ్చు. కానీ వాసన వచ్చినా, ఉబ్బినా, చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా వెంటనే ఆపేయండి. ఉబ్బినదాన్ని గుచ్చొద్దు, నొక్కొద్దు, ఇంటి చెత్తలో వేయొద్దు.